పొద్దు మోటుమాటా?



పటాన్‌చెరులో మాది సైరన్ కూతతో తెల్లవారే ఇల్లు. ఈమధ్య ఓ సాయంత్రం మా అమ్మాయి బడినుంచి ముఖం మాడ్చుకుని వచ్చింది. వ్యాసంలో “పొద్దు పొడిచింది” అని రాసిందట. దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి “సూర్యుడు ఉదయించాడు” అని దిద్దారు. పక్కన “మోటుమాట” అని ఓ వ్యాఖ్య కూడా! “నానమ్మా, ఇకనుంచి నాతో నీ మాటలు మాట్లాడకు” అనేసింది పిల్ల. మా అత్తగారిది జోగిపేట దగ్గర పల్లె. ఆవిడ ఏమీ అనలేదు. ఎండబెట్టిన వడియాలు తీస్తానంటూ మేడమీదికి వెళ్ళిపోయారు. నా ప్రాణం చివుక్కుమంది.

పిల్లని దగ్గర కూర్చోబెట్టుకున్నాను. సూర్యుడు మంచి మాటే, సంస్కృతం నుంచి వచ్చి ఎప్పుడో మన ఇంటి మనిషైపోయింది. కానీ పొద్దు ఈ ఇంట్లోనే పుట్టిన మాట. పాత పుస్తకాల్లో ప్రొద్దు అని ఉంటుంది. తమిళులు పొళుదు అంటారు. మా పక్కింటి బీదరు ఆవిడ కబుర్ల మధ్యలో “హొత్తాయితు” అంటూ లేస్తుంది చూడు, అదీ ఇదే. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి హులి అయినట్టే ఈ మాటలోనూ ప పోయి హ వచ్చింది.

ఇంకో సంగతి. సూర్యుడంటే ఆకాశంలో కనిపించే ఆయనొక్కడే. పొద్దు అంటే ఆయనా, ఆయన నడిపించే కాలమూ రెండూను. పొద్దున్న, పొద్దుపోయాక, పొద్దస్తమానం — ఇవి లేకుండా మనకు ఒక్కరోజు గడుస్తుందా? “పొద్దుపోక రేడియో పెట్టాను” అంటే “సూర్యుడు పోక” అని దిద్దుతారా! పిల్ల ఫక్కున నవ్వింది.

అప్పుడు జామెన్‌హోఫ్ అనే కంటి డాక్టరు కథ చెప్పాను. ఆయన 1859లో బియాలిస్టోక్‌లో పుట్టాడు. మా కాలనీలాగే అక్కడా వాకిలికో భాష: రష్యన్, పోలిష్, జర్మన్, యిడ్డిష్. కాకపోతే వాళ్ళకు ఒకరంటే ఒకరికి పడేది కాదు. అందరికీ ఉమ్మడిగా ఉంటుందని ఆయన ఎస్పరాంటో అనే కొత్త భాషను కల్పించి 1887లో అచ్చువేశాడు. అంతా తన చేతిలోనే ఉంది, సూర్యుడికి ఏ పేరైనా పెట్టుకోవచ్చు. అయినా ఇరుగుపొరుగు నోళ్ళలో ఉన్నదే తీసుకున్నాడు. ఇంగ్లీషువారి సన్, జర్మనులవారి జోన్నె, వాటికి దగ్గరగా ‘సునో’. అందులో పేర్లన్నీ ఓ తోనే ముగుస్తాయి లెండి. భాషను కల్పించినవాడే నలుగురి నోటిమాట వదులుకోలేదు, మనం మాత్రం నానమ్మ మాటను కొట్టేస్తున్నాం.

వాళ్ళ ‘సున్‌ఫ్లోరో’ అంటే ఉత్త సూర్యుడి పువ్వు. మనవాళ్ళు ‘పొద్దుతిరుగుడు’ అని ఆ పువ్వు చేసే పని కూడా చెప్పేశారు. లేతగా ఉన్నన్నాళ్ళూ పొద్దువెంట తూర్పునుంచి పడమటికి తిరుగుతుంది. ముదిరాక తూర్పుముఖంగా నిలిచిపోతుంది. వంటింట్లోంచి నూనె ప్యాకెట్టు తెచ్చి చూపించాను. “మరి దీన్నీ కొట్టేస్తారా అమ్మా?” అంది.

నేను జవాబు చెప్పేలోగా లేచి మెట్లెక్కింది. పైనుంచి గొంతు వినిపించింది, “నానమ్మా, పొద్దుగూకుతోంది, కిందికి రా. వడియాలు నేను పట్టుకుంటా.”