ఫతే మైదానము



మన ఏలూరులో అల్లూరి సీతారామరాజు పేరిట స్టేడియ మొకటి ఉన్నది. పెదవేగి పిల్లవాడు పరుగుపందెములలో పేరు తెచ్చుకొనవలెనన్న అటువంటి నేలపైననే ముందుగా కాలూనవలెను. ఆటకై కేటాయించిన నేల ఎన్ని పనులకు వచ్చునో, ఆ పనుల నడుమ ఆటగాని కేమి మిగులునో తెలిసికొనుటకు హైదరాబాదులోని ఫతే మైదానము చక్కని నిదర్శనము.

1687లో గోలకొండను ముట్టడించిన ఔరంగజేబు సేనలు ఈ బయలున విడిసినవని చెప్పుదురు. కోట లొంగిన పిమ్మట దీనికి విజయమును సూచించు ఈ పేరు వచ్చినది. అది మన గోలకొండ ఓటమికి గుర్తని తలచువారు నేడు అరుదు! ఆసఫ్ జాహీల కాలమున ఇచట పోలో ఆడినారు. 1950 ప్రాంతమున క్రికెట్టు వచ్చినది. 1967లో దీనికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టినారు.

1955 నవంబరులో ఇచటి మొదటి టెస్టు పంద్యమున ఉమ్రీగర్ న్యూజిలాండుపై 223 పరుగులు చేసినాడు. టెస్టులలో భారతీయుడు చేసిన మొదటి ద్విశతక మదియే. 1969లో అదే న్యూజిలాండు మరల వచ్చినది. విరామదినమున కోయవలసిన గడ్డిని పిచ్ పైనుండి కోయలేదు. మనవారు 89 పరుగులకే ఔటైనారు. రెండవ ఇన్నింగ్సులో 7 వికెట్లు పోయి 76 పరుగు లుండగా వాన కురిసినది. నేల ఆరబెట్టు పని మెల్లగా సాగుచుండుట చూచి, ప్రత్యర్థి నాయకుడు డౌలింగు తానే పాదరక్షలు విడిచి పనివారితో చేయి కలిపినాడు. ఆట మరల సాగలేదు. మనకు ఓటమి తప్పినది. అయినను ఆనాటి గౌరవము డౌలింగుకే దక్కవలెనని నా అభిప్రాయము.

1999లో టెండూల్కరు, ద్రావిడు కలిసి 331 పరుగులు జోడించిన దిచటనే. 2005 నుండి అంతర్జాతీయ పంద్యములు ఉప్పలులోని క్రొత్త స్టేడియమునకు తరలినవి.

సభల సంగతి వేరు. 1983లో నందమూరి తారక రామారావుగారు, 2004లో రాజశేఖరరెడ్డిగారు, 2023లో రేవంత్ రెడ్డిగారు ముఖ్యమంత్రులుగా ప్రమాణము చేసిన దీ మైదానముననే. వేలాది జనము కూర్చుండుటకు నగరము నడుమ ఇంతటి తావు దొరకుట కష్టము. కనుక సభలను తప్పుపట్టలేము. కాని వేదికకు పాతిన గుంజల గుంతలు పూడ్చక విడిచిన, మరునాడు పరుగెత్తు కుఱ్ఱవాని చీలమండ బెణకును. సభకు అద్దె పుచ్చుకొనునప్పుడే నేల చదునుచేయు ఖర్చును, అందుకు పట్టు దినములను ఒప్పందములో వ్రాసికొనవలెను. ఏలూరులోనైనను, మరి యే ఊరిలోనైనను ఇది కష్టమైన పని కాదు.