మందుల పాత్రలను కడిగే యంత్రాలు – మన బల్క్ కూలర్లు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



పద్దు పుస్తకాలు, నగదు నిల్వ, వాటాధనం చూడడం నా ఉద్యోగం. అటువంటివాడు మందులు కలిపే పాత్రల గురించి మాట్లాడడమేమిటని మీకు తోచవచ్చు. కారణం మనవి చేస్తాను. ఈ మధ్య తనిఖీకి వెళ్ళిన సంఘాలలో, బల్క్ కూలరు ఉన్న చోటల్లా సభ్యులు ఒకే ప్రశ్న వేస్తున్నారు. "యంత్రం దానంతటదే కడుక్కుంటుంది గదా అయ్యా! ఇంకా సోడాకు, యాసిడుకు, కడిగే మనిషి కూలికి ఇంత ఖర్చు ఎందుకు రాస్తున్నారు?" అని. ఖర్చు గురించి అడగడం సభ్యుల హక్కు. అడగాలి కూడా. అయితే ఈ ప్రశ్నకు జవాబు పాల కేంద్రంలో కంటె మందుల కర్మాగారంలోను, పెద్ద ఆసుపత్రి మందుల గదిలోను స్పష్టంగా దొరుకుతుంది. అక్కడ కడగడంలో లోపం వస్తే రోగి ప్రాణానికే ముప్పు గనుక, ఆ పనిని వారు డిగ్రీల చొప్పున, నిమిషాల చొప్పున లెక్కకట్టి పెట్టుకున్నారు.

విశేషమేమంటే ఈ విద్యలో పాలవాళ్ళే ముందు నడిచారు. ఒకప్పుడు డైరీలలో గొట్టాలను రోజూ విప్పి, బ్రష్షులతో తోమి, మళ్ళీ బిగించేవారు. తుప్పు పట్టని ఉక్కు గొట్టాలు వచ్చాక, 1950ల నాటికి పాశ్చాత్య దేశాల డైరీలలో గొట్టాలను విప్పకుండానే లోపల ద్రావణం తిప్పి కడగడం స్థిరపడింది. మందుల కర్మాగారాల వారు ఆ పద్ధతిని తరువాత అందిపుచ్చుకున్నారు. అందిపుచ్చుకుని మనకంటె గట్టిగా అమలు చేస్తున్నారు. ఈ మాట కొంచెం కష్టంగానే చెబుతున్నాను.

మందుల గదిలో ఏముంటాయి? నూరే కల్వాలు, కొలజాడీలు, గరాటులు, జల్లెడలు, గాజు పాత్రలు. ఇవి ఒక మందుకు వాడి పారవేసేవి కావు, మళ్ళీ మళ్ళీ వాడేవి. వీటిని కడిగే యంత్రం ఉక్కు బీరువా లాగా ఉంటుంది. లోపల అరలు, అరలలో నిలబెట్టిన సన్నని గొట్టాలు ఉంటాయి. మూతి సన్నగా ఉన్న పాత్రలను ఆ గొట్టాల మీద బోర్లిస్తారు. పైనా కిందా తిరిగే చేతులు నీళ్ళు చిమ్ముతాయి. తలుపు వేసి మీట నొక్కితే ఒకదాని వెంట ఒకటిగా దశలు నడుస్తాయి.

మొదటి దశ చల్లని నీరు. 45 డిగ్రీలు దాటనివ్వరు. ఎందుకంటే నెత్తురు గాని, పాలు గాని, గుడ్డు గాని, మాంసకృత్తులున్న మరకకు మొదటే మరిగే నీళ్ళు తగిలితే అది గడ్డకట్టి లోహానికి పట్టేస్తుంది. గుడ్డు సొన అంటిన గిన్నెలో ముందుగా వేడినీళ్ళు పోయకూడదని మన ఇళ్ళలో ఆడవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. కాని పాల కేంద్రంలో మాత్రం "బాగా వేడినీళ్ళతో కొట్టేస్తే సరి" అనే మాట ఇంకా వినబడుతూనే ఉన్నది. మన కూలరులో కొవ్వు కూడా ఉంటుంది కాబట్టి మొదటి నీళ్ళు గోరువెచ్చగా, 35 నుండి 45 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. అవి కూడా పాలు ట్యాంకరులోకి ఎక్కిన వెంటనే పోయాలి. ఆరిపోయిన పాలను వదిలించడానికి సోడా ఎక్కువ పడుతుంది. మీరు తగ్గించమంటున్న ఖర్చు మొట్టమొదట తగ్గేది ఇక్కడే.

రెండవది క్షార ద్రావణం. దీనిని వేడిగా తిప్పుతారు. కొవ్వును, మాంసకృత్తులను వదిలించేది ఇదే. తరువాత నీళ్ళు, ఆపైన ఆమ్లం. ఆమ్లం క్షారపు శేషాన్ని విరుస్తుంది, ఉప్పునీటి ఊళ్ళలో పాత్రకు పట్టే గారను, పాలలోని సున్నం వల్ల ఏర్పడే పాలగారను కరిగిస్తుంది. మళ్ళీ నీళ్ళు. చివరిసారి పోసేది మాత్రం శుద్ధి చేసిన నీరు. ఆ తరువాత వేడి దశ: 80 డిగ్రీల వద్ద 10 నిమిషాలు, లేదా 90 డిగ్రీల వద్ద 1 నిమిషం. ఈ రెండూ సమానమని అంతర్జాతీయ ప్రమాణంలో లెక్క ఉన్నది. 70 డిగ్రీలయితే 100 నిమిషాలు కావాలి. పది డిగ్రీలు తగ్గితే పదింతల కాలం పడుతుందన్న మాట. హీటరు పాతదై నీరు 80కి రాక 70 దగ్గరే ఆగిపోతే, పైకి అన్నీ యథాప్రకారం నడిచినట్లే కనబడతాయి. పని మాత్రం పదోవంతే జరుగుతుంది. చివరకు వడగట్టిన వేడిగాలితో ఆరబెడతారు. తడి మిగిలితే రాత్రికి రాత్రి క్రిములు మళ్ళీ పెరుగుతాయి.

ఇంత చేసిన తరువాత కూడా ఇంజెక్షను మందుకు వాడే పాత్రలను విడిగా క్రిమిరహితం చేస్తారు. ఆవిరి యంత్రంలో పెడితే 121 డిగ్రీల వద్ద 15 నిమిషాలు. ఇక్కడే ఒకరు లేచి, "ఎటూ ఆవిరిలో ఉడకబెడుతున్నప్పుడు ముందంత కడగడం దేనికి? ఉడికితే క్రిమి చస్తుంది గదా!" అనవచ్చు. క్రిమి చస్తుంది, నిజమే. దాని కళేబరం ఎక్కడికీ పోదు. వెనుకటి రోజుల్లో ఇంజెక్షను చేయించుకున్న రోగులకు కారణం తెలియని చలిజ్వరం వస్తుండేది. 1923లో ఫ్లారెన్స్ సైబర్ట్ అనే అమెరికా దేశపు శాస్త్రవేత్త్రి దాని మూలం కనిపెట్టారు. మందు కలిపిన బట్టీ నీటిలో క్రిములు పెరిగి విడిచిన పదార్థమే ఆ జ్వరానికి కారణం. ఆ నీటిని మరిగించినా ఆ పదార్థం నశించదు. అందుకే ఇంజెక్షను మందుల గాజు పాత్రలను ముందు బాగా కడిగి, ఆ తరువాత 250 డిగ్రీల పొడి వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచే పద్ధతి వచ్చింది. మురికిని ఉడకబెడితే ఉడికిన మురికి అవుతుందే గాని శుభ్రం కాదు.

ఇక పాత్ర శుభ్రమయిందని ఎట్లా నిర్ధారిస్తారు? కంటికి కనబడకపోతే చాలదు. ఒక మందు రోజువారీ మోతాదులో వెయ్యోవంతుకు మించి తరువాత తయారయ్యే మందులోకి పోరాదని, పది లక్షల భాగాలలో పది భాగాలకు మించరాదని 1993 నుండి ప్రచారంలో ఉన్న లెక్క ఒకటి ఉన్నది. మన దేశంలో కూడా 2023 డిసెంబరులో సవరించిన షెడ్యూల్ ఎం నిబంధనలు, పాత్రలు శుభ్రమవుతున్నట్లు ఋజువు చూపమని మందుల కర్మాగారాలను ఆదేశిస్తున్నాయి. వారు చేసే ఒక పరీక్ష మీకు నచ్చుతుంది. బి2 విటమిను కలిపిన నీటిని పాత్ర లోపలంతా చల్లుతారు. యంత్రాన్ని వట్టి నీటితో నడిపి, చీకటి చేసి అతినీలలోహిత దీపం వేసి చూస్తారు. నీళ్ళు చేరని చోట పసుపుపచ్చగా మెరుస్తుంది. ఆ విటమిను మనకు కొత్తది కాదు. పాలు విరిగినప్పుడు తేటలో కనిపించే ఆ ఛాయ దానిదే.

ఆ పరీక్షలో సాధారణంగా మెరిసే చోట్లు ఏవో చెబుతాను. మీ ఊరు వెళ్ళాక మీ కూలరులో వాటినే టార్చి వేసి చూడండి. కలియబెట్టే తెడ్డు అడుగు భాగం. మూత అంచు. పాలు దిగే కుళాయి లోపలి రబ్బరు గ్యాస్కెట్. ప్రవాహం లేని గొట్టపు మూలలు. నీళ్ళు చిమ్మే బంతిలో రెండు చిల్లులు గారతో పూడితే ఆ వైపు గోడ అంతా నీడలో పడుతుంది. యంత్రం రోజూ ఒకే తీరుగా కడుగుతుంది, అది దాని గొప్ప. తప్పినా రోజూ అదే చోట తప్పుతుంది. చేత్తో తోమే మనిషి ఒక రోజు వదిలిన మూలను మరునాడైనా తోముతాడు. అందువల్ల ఆ మనిషిని తీసివేయమని నేను సిఫారసు చేయను. వారానికొకసారి కుళాయి విప్పి చూడడం అతని పని కావాలి.

ముందు ఏ పాత్రలో ఏమి పోశారన్నది మరొక సంగతి. 1988లో అమెరికాలో కొలెస్టైరమిన్ అనే మందును బజారు నుండి వెనక్కి తెప్పించవలసి వచ్చింది. అందులో పురుగుమందుల తయారీకి సంబంధించిన పదార్థాల ఆనవాళ్ళు బయటపడ్డాయి. విచారిస్తే తేలిందేమంటే, పురుగుమందు తయారీలో తిరిగి రాబట్టిన ద్రావకం నిల్వ చేసిన డ్రమ్ములనే ఈ మందుకు వాడే ద్రావకానికి కూడా వాడారు. పాత్రలు కడిగేందుకు అంత పెద్ద ఏర్పాట్లున్న చోట, డ్రమ్ము దగ్గర దెబ్బతిన్నారు. మన ఊళ్ళలో పాల క్యాను పెళ్ళికి పోతుంది, పొలానికి పోతుంది, పత్తి మీద మందు కొట్టే రోజున నీళ్ళు మోస్తుంది. మరునాడు అదే క్యాను కేంద్రానికి వస్తుంది. నేను దీనిని చిన్న విషయంగా ఎంచను.

వదిలించవలసినది పాత మురికిని మాత్రమే కాదు, కడిగిన మందును కూడా. సోడాను తూకం వేయకుండా గుప్పెళ్ళతో వేసి, నీళ్ళు చాలక సగం తొలిస్తే, క్షారం పాలలోకి చేరుతుంది. అప్పుడు డైరీలో రోసాలిక్ ఆమ్లపు పరీక్షలో ఆ పాలు, పులుపు కప్పిపుచ్చడానికి సోడా కలిపిన పాల లాగానే రంగు చూపవచ్చు. సంఘం మీద కల్తీ ముద్ర పడుతుంది. ఏ తప్పూ చేయని సభ్యురాలి పాలకు డబ్బు రాదు. కడగడం ఖర్చు మిగిల్చామన్న సంతోషం ఆ ఒక్క ట్యాంకరుతో పోతుంది.

ఇదే సూత్రం పశువుల టీకాకు ఇంకా సూటిగా వర్తిస్తుంది. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద నాలుగు నుండి ఎనిమిది నెలల పెయ్య దూడలకు బ్రూసెల్లా టీకా వేస్తున్నారు. పశువులు ఈసుకుపోవడానికి కారణమయ్యే రోగమది. ఎస్19 అనే ఆ టీకాలో ఉండేవి బతికి ఉన్న, బలం తగ్గించిన క్రిములు. అవి బతికి ఉంటేనే టీకా పని చేస్తుంది. సిరంజిని స్పిరిటుతోనో, డెట్టాలుతోనో, సబ్బు నీళ్ళతోనో కడిగి అట్లాగే మందు ఎక్కిస్తే, దూడకు చేరేసరికి టీకా చచ్చి ఉంటుంది. అతి శుభ్రం చేసిన చోటనే టీకా వృథా అవుతుంది. మళ్ళీ మళ్ళీ వాడే సిరంజిని పని అయిన వెంటనే విడి భాగాలుగా విప్పి, చన్నీళ్ళతో తొలిచి, వట్టి మంచినీటిలో మరిగించి, పూర్తిగా చల్లారనిచ్చి వాడాలి. టీకా వేయడం పశువైద్య సిబ్బంది పని. ఆ మందు మనిషికి గుచ్చుకుంటే మనిషికే జబ్బు చేస్తుంది, మనం చేయి పెట్టరాదు. కాని శిబిరానికి నీళ్ళు కాచి ఇచ్చేది, గిన్నె ఇచ్చేది సంఘమే గనుక ఈ సంగతి మనకు తెలిసి ఉండాలి.

చివరిగా నా శాఖకు సంబంధించిన మాట. మందుల కర్మాగారంలో కడిగిన ప్రతి విడతకు యంత్రమే వేడిని, నిమిషాలను కాగితం మీద అచ్చు వేస్తుంది. ఆ కాగితం లేకుండా ఆ పాత్రలు మందు గదిలోకి పోవు. మన దగ్గర కడిగిన వివరాల పుస్తకం ఉన్నది. ఒక సంఘంలో ఆ పుస్తకం తెరిస్తే నెలంతా ఒకే సిరాతో, రోజూ 75 డిగ్రీలు, ఒకే సంతకం. అందులో రెండు రోజులు ఆ ఊరికి కరెంటు లేదని జనరేటరు డీజిలు ఓచర్లు చెబుతున్నాయి, ఆ డీజిలు పాలు చల్లబరచడానికే చాలలేదు. నీళ్ళు కాగలేదని ఆ రెండు రోజులకు రాసి ఉంటే నేను మెచ్చుకునేవాడిని. కరెంటు లేనినాడు చేత్తో కడిగామని, సోడా ఇన్ని గ్రాములని రాయండి. అది లోపం కింద నేను పట్టను.

వచ్చే నెల మహాజన సభలో కడిగే సరుకుల పద్దు చర్చకు వచ్చినప్పుడు, ముందు ఆ పుస్తకాన్ని, థర్మామీటరును, సోడా తూచే తక్కెడను సభ ముందు పెట్టమని కార్యదర్శులను కోరుతున్నాను. థర్మామీటరు లేని సంఘం ఆ సభలోనే దాని కొనుగోలుకు తీర్మానం రాసుకోవచ్చు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.