మిగిలిన ఊలుతో పసిబిడ్డ టోపీ



స్వెట్టరు అల్లే ప్రతి ఇంట్లో నాలుగు ఊలు ఉండలు మిగులుతాయి. నిమ్మకాయంత ఒకటి, ఉసిరికాయంత ఒకటి. పారేయడానికి మనసు రాదు. విడిగా ఏదీ దేనికీ చాలదు. చివరికి పెట్టె అడుగున పురుగు కొడతాయి. వాటన్నిటినీ కలిపి పసిబిడ్డకు టోపీ ఎలా అల్లాలో ఈ రోజు చెప్తాను. పుట్టిన బిడ్డ టోపీకి 25, 30 గ్రాముల ఊలు చాలు.

ఇది చిన్న పనే కదా అనుకోకండి. పసిబిడ్డ ఒంట్లో తలే పెద్దది. చలిలో బోసి తలతో ఉంచితే ఒంటి వేడి త్వరగా పోతుంది. రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు అది ప్రాణం మీదికి రావచ్చు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో డాక్టర్లు ఒక పద్ధతి మొదలుపెట్టారు. అలాంటి బిడ్డను తల్లి గుండెల మీద, ఒంటికి ఒళ్ళు తగిలేలా పెట్టుకోవాలి. దీన్ని కంగారూ తల్లి సంరక్షణ అంటారు. ఇప్పుడు మన ఆసుపత్రుల్లోనూ చేయిస్తున్నారు. అప్పుడు బిడ్డ ఒంటి మీద ఏముంటాయి? ఒక గోచీ గుడ్డ, మేజోళ్ళు, టోపీ. అంతే.

సరే, అల్లికకు వద్దాం. నమూనాలో "60 కుట్లు వేయండి" అని ఉంటుంది. ఆ 60 ఎవరి ఊలుకు? నమూనా రాసినావిడ ఊలుకు. మన ఊలు అంతకన్నా లావు కావచ్చు, సన్నం కావచ్చు. చూడకుండా 60 వేశామా, టోపీ అయితే తాత తలకు వస్తుంది, లేకపోతే బత్తాయికి వస్తుంది!

అందుకని లెక్క మనమే వేసుకోవాలి. ముందు 20 కుట్లు వేసి, పది వరసలు అల్లండి. టేపు పెట్టి, నడిమి 2 అంగుళాల్లో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. 10 ఉంటే అంగుళానికి 5 అన్నమాట. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత 13, 14 అంగుళాలు ఉంటుంది. ఊలు సాగుతుంది కాబట్టి టోపీకి 12 అంగుళాలు చాలు. 12ను 5తో గుణిస్తే 60. అంగుళానికి 4 కుట్లు వచ్చే లావు ఊలైతే 48. 6 వచ్చే సన్న ఊలైతే 72. ఈ అంకె కాగితం మీద రాసి, ఉండలో దోపుకోండి. ఏడాది బిడ్డ తల దాదాపు 18 అంగుళాలు. 16కి లెక్క కట్టాలి. అంగుళానికి 5 అయితే ఎంత? 80.

ఒకే టోపీలో లావు, సన్నం కలిపితే అంచు వంకర పోతుంది. రెండు ఊళ్ళు ఒకే లావా కాదా అని కంటితో చూస్తే తెలియదు. ఒకదాని మెలికలో ఇంకోదాన్ని దూర్చి, రెండు వైపులా పురి పెట్టండి. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడమండి. తేడా ఉంటే తెలిసిపోతుంది. సన్నదాన్ని రెండు పోగులు చేసి కలిపి అల్లితే సరిపోతుంది.

అసలు ఊలునూ నైలాను లాంటి ఊలునూ కూడా కలపొద్దు. వేడి నీళ్ళలో అసలు ఊలు ముడుచుకుపోతుంది, రెండోది ముడుచుకోదు. చిన్న ముక్క తీసి కాల్చి చూడండి. అసలు ఊలైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద నలిగిపోతుంది. రెండోది కరిగి గట్టి పూసలా అవుతుంది. రంగుది తడిపి, తెల్ల గుడ్డలో పిండి చూడండి. రంగు అంటితే పసిబిడ్డకు వద్దు.

పెద్ద ఉండతో అంచు మొదలుపెట్టండి. అన్ని వరసలూ సాదా కుట్టే. రంగు మార్చేటప్పుడు వరస చివరే మార్చండి. మిగిలిన పోగు అల్లిక వెడల్పుకు నాలుగు రెట్లుంటే ఇంకో వరస వస్తుంది. లేకుంటే అక్కడే ఆపండి. రంగులు కలవలేదని నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి. నాకైతే చారల టోపీయే ముద్దుగా ఉంటుంది.

ఆరు అంగుళాలు అయ్యాక రెండేసి కుట్లు కలిపి ఒకటిగా అల్లండి. 60 కాస్తా 30 అవుతాయి. ఒక వరస మామూలుగా అల్లి, మళ్ళీ రెండేసి కలపండి. 15 మిగులుతాయి. పోగు తెంపి, పెద్ద సూదితో ఆ 15లోంచీ లాగి బిగించండి. పక్క కుట్టేయండి. కింద ఒక అంగుళం పైకి మడవండి.

పోగుల కొసలు జానెడు వదిలి, సూదితో లోపలికి దూర్చేయండి. పూసలు, గుండీలు, గడ్డం కింద కట్టే తాళ్ళు పెట్టొద్దు. పూస ఊడితే బిడ్డ నోట్లోకి పోతుంది. తాడు మెడకు చుట్టుకుంటుంది. వెచ్చని గదిలో బిడ్డ నిద్రపోతుంటే టోపీ తీసేయండి. ముఖం మీదికి జారొచ్చు. తక్కువ బరువు బిడ్డ విషయంలో మాత్రం నర్సమ్మ చెప్పినట్టు చేయండి.

తొడిగే ముందు గోరువెచ్చని నీళ్ళలో ఉతికి, నీడలో చాప మీద పరచి ఆరబెట్టండి. దండెం మీద వేలాడదీస్తే సాగిపోతుంది.