కారణం కాగితం మీద రాసివ్వండి

(మేడ్చల్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ముప్పయి ఆరేళ్ళు ఫైళ్ళు కట్టి, విప్పి, నోట్ రాసి పుటప్ చేసిన గుమాస్తాను. నాకు తెలిసింది కాగితం ఒక్కటే. అమెరికాలో పర్యావరణ గ్రాంటుల రద్దు మీద ఒక సంస్థ వేసిన కేసు గురించి నేను తరచు మాట్లాడుతుంటానని, దాని గురించే నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. చెబుతాను. కాని ఆ కేసు నాకెందుకు పట్టిందో తెలియాలంటే ముందు శామీర్‌పేట సంగతి ఒకటి చెప్పుకోవాలి.

అది 1988. అప్పుడు మేడ్చల్, శామీర్‌పేట రెండూ రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. ఇప్పుడు వెంచర్లు ఉన్న చోట ఆనాడు ద్రాక్షతోటలు. ఆ చుట్టుపక్కల ఒక పల్లెలో చిన్న స్వచ్ఛంద సంఘం ఉండేది. రిటైరైన బడిపంతులు ఒకాయన దానికి కార్యదర్శి. చెరువుకట్ట కింద బంజరులో చెట్లు పెంచటానికి ఆ సంఘానికి మూడు విడతల గ్రాంటు మంజూరైంది. మొదటి విడత విడుదలైంది, పని జరిగింది. రెండో విడత వస్తుందన్న భరోసాతో పంతులు గారు నర్సరీలో అరువు పెట్టి కానుగ, వేప, చింత మొక్కలు తెచ్చి నాటించారు. నీళ్ళు పోసే ఆడవాళ్ళకు తన పెన్షన్‌లోంచి కూలి ఇచ్చారు.

ఇంతలో గ్రాంటులు తగ్గించమని పైనుంచి మాట వచ్చింది. ఏ కార్యాలయమో చెప్పను గాని, ఆ సీటు నాదే. ఫైలు తిరగేస్తే ఆ సంఘం వినియోగ ధృవీకరణ పత్రం పదకొండు రోజులు ఆలస్యంగా వచ్చినట్టు కనిపించింది. "మిగిలిన విడతలు రద్దు చేయవచ్చును" అని నోట్ రాశాను. సంతకాలు అయిపోయాయి. వెళ్ళిన ఉత్తర్వులో ఆ ఆలస్యం మాట కూడా లేదు. "పరిపాలనా కారణముల దృష్ట్యా రద్దు చేయడమైనది" అన్న ఒక్క వాక్యమే.

పంతులు గారు బస్సెక్కి వచ్చారు. గుడ్డసంచిలోంచి ఆ ఉత్తర్వు తీసి నా బల్ల మీద పరిచారు. "డబ్బులు ఇయ్యకుంటే ఇయ్యకండి బిడ్డా. మేం ఏం తప్పు జేసినమో గదొక్కటి కాయితం మీద రాసియ్యి. ఊళ్ళె జనానికి చెప్పుకోవాలె గదా" అన్నారు. నేను తల ఎత్తలేదు. "ఆర్డర్‌లో ఉన్నది చూసుకోండి సార్" అన్నాను.

ఆయన కోర్టుకు పోలేదు. వకీలుకు ఇవ్వటానికి ఆ సంఘం ఖాతాలో ఏమీ మిగల్లేదు. మరుసటి ఎండాకాలం నేను పనిమీద బస్సులో అటు పోతూ చూశాను. కట్ట కింద పుల్లలు నిలబడి ఉన్నాయి.

ఇక అమెరికా. 2025లో మా అబ్బాయి దగ్గర మేరీలాండ్‌లో కొన్ని నెలలున్నాను. ఆ రాష్ట్రంలోనే బెథెస్డా అనే ఊళ్ళో క్లైమేట్ యునైటెడ్ ఫండ్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉంది. 2022లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం కింద వాతావరణ కాలుష్యం తగ్గించే పనులకు 2,700 కోట్ల డాలర్ల నిధి ఏర్పడింది. అందులో 2,000 కోట్లు ఎనిమిది సంస్థలకు మంజూరయ్యాయి. ఈ సంస్థ వంతు సుమారు 700 కోట్లు. సోలార్ విద్యుత్తుకు, ఇళ్ళలో కరెంటు ఖర్చు తగ్గించే పనులకు, ఎలక్ట్రిక్ లారీలకు అప్పులివ్వటం వీరి పని.

మన ట్రెజరీ భాషలో చెబుతాను. బడ్జెట్ ఆమోదమైంది, మంజూరు ఉత్తర్వు వచ్చింది, ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి, సొమ్ము సిటీబ్యాంకులో ఆ సంస్థల ఖాతాల్లో పడింది. 2025 ఫిబ్రవరిలో, ప్రభుత్వం మారిన తరువాత, ఆ ఖాతాలు కదలటం ఆగిపోయాయి. పి.డి. ఖాతాల మీద ఫ్రీజింగ్ పెడితే ఎట్లా ఉంటుందో ఇక్కడ కూర్చున్నవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. మార్చి 8న సంస్థ కోర్టుకెక్కింది. మార్చి 11న అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ గ్రాంటులనే రద్దు చేసింది.

ప్రభుత్వం వాదన కూడా చెప్పటం న్యాయం. ఇంత పెద్ద సొమ్ము మీద తగిన పర్యవేక్షణ లేదని, పంపకంలో స్వప్రయోజనాల అనుమానం ఉందని, తమ ప్రాధాన్యాలు వేరని వారన్నారు. ప్రజాధనం కాపాడటం ప్రభుత్వ ధర్మమే, కాదనను. అయితే జడ్జి తాన్యా చట్కన్ గారు, మోసం జరిగిందన్న అస్పష్టమైన ఆరోపణలు చాలవన్నారు. ఏప్రిల్‌లో సంస్థల పక్షాన మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. సెప్టెంబరు 2న అప్పీలు కోర్టు ఇద్దరొకరుగా దాన్ని కొట్టేసింది. ఇది ఒప్పంద వివాదం, ప్రభుత్వం మీద డబ్బు దావాలు వినే వేరే కోర్టుకు పొమ్మంది. డిసెంబరులో ఆ అప్పీలు కోర్టు పూర్తి ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టి, కేసు మళ్ళీ వింటామంది.

గెలుపోటములు వేరే సంగతి. మా అబ్బాయి పేపరు చదివి వినిపిస్తుంటే నాకు ఆ పంతులు గారి గుడ్డసంచి కళ్ళముందు కదిలింది. ఆయన అడిగినదే వీరూ అడుగుతున్నారు. మేం చేసిన తప్పేమిటో చూపించండి అని.

మిత్రులారా, ఇది మనది కాని గొడవ అనుకోకండి. డిసెంబరు 17ను పెన్షనర్ల దినంగా ఎందుకు జరుపుకుంటాం? 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పెన్షన్ దయాదాక్షిణ్యం కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైన వారిని వేరుచేయటం చెల్లదంది. ఆ పిటిషన్ వేసినవారు ముగ్గురు. ఇద్దరు పెన్షనర్లు, మూడో పిటిషనరు కామన్ కాజ్ అనే సొసైటీ. వయసు మీద పడినవారు ఒక్కొక్కరుగా కోర్టు మెట్లెక్కలేరు గనుక ఒక సొసైటీ వారి తరఫున నిలబడింది. మనం నెలనెలా అందుకునే డబ్బులో అటువంటి సంఘాల చలవ ఉంది.

2020 మార్చి 30న మన పెన్షన్‌లో కోత ప్రకటించినప్పుడు మనం ఎంత కలవరపడ్డామో గుర్తుందా? మందులకు ఎట్లా అని ఫోన్లు చేసుకున్నాం. కరోనా కష్టకాలమే, ఒప్పుకుంటాను. పక్క రాష్ట్రంలో అదే సంవత్సరం వాయిదా వేసిన జీతాలు, పెన్షన్ల మీద ఒక రిటైర్డ్ జిల్లా జడ్జి గారు కోర్టుకెళ్ళారు. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు బకాయిల మీద ఆరు శాతం వడ్డీ ఇవ్వమంది. కోత పడిన ఆ నెల పాస్‌బుక్ పట్టుకుని నేను కూడా, కారణం చెప్పేవారెవరు అని గొణుక్కున్నాను. వెంటనే సిగ్గేసింది. ముప్పయి రెండేళ్ళ కిందట నా బల్ల ముందు నిలబడిన మనిషికి నేనేం చెప్పాను?

నేడు ఆ పంతులు గారికి ఒక ఆయుధం ఉండేది. 2005 సమాచార హక్కు చట్టం, సెక్షన్ 4(1)(డి). పరిపాలనా నిర్ణయం వల్ల బాధపడినవారికి ఆ నిర్ణయానికి కారణాలు ప్రభుత్వ కార్యాలయమే చెప్పాలి. నోట్ ఫైలు నకలు కూడా అడగవచ్చు. ఆయన నోటిమాటగా అడిగింది పదిహేడేళ్ళ తరువాత చట్టమైంది.

అందుచేత నా మనవులు మూడు. ఒకటి, ప్రతి సభ్యుడూ తన పి.పి.ఓ., మంజూరు ఉత్తర్వుల నకళ్ళు ఇంట్లో వారికి తెలిసే చోట పెట్టాలి. రెండు, మన సంఘం రిజిస్ట్రేషను, మినిట్స్ పుస్తకం, ఆడిట్ ఏటేటా సరిగా ఉండాలి. రేపు కోర్టులో నిలబడాల్సి వస్తే అవే మన కాళ్ళు. మూడు, ఈ చుట్టుపక్కల ఏ చిన్న సంఘానికైనా గ్రాంటు ఆగితే, ఆ దరఖాస్తు రాసిపెట్టేది మనమే కావాలి. ఆ భాష మనకు తెలిసినంత ఎవరికి తెలుసు? దానికి ఆదివారాలు నేను కూర్చుంటాను.

పంతులు గారు ఇప్పుడు లేరు. ఆయన అడిగిన కారణం నాటి ఫైల్లోనే ఉంది. ఆలస్యం పదకొండు రోజులు. అది క్షమించదగ్గ ఆలస్యమని రాసే అధికారం కూడా ఆ నోట్‌లో నాకుంది. నేను రాయలేదు. ఇంతమంది ముందు చెప్పుకుంటే కొంత భారం దిగుతుందని చెప్పాను.