విస్తరి లెక్క



భోజనానికి 80 రూపాయలు పడుతుంటే 60కే పెడుతున్నామని, సంఘం భోజనశాల మూసేద్దామంటున్నారు. అకౌంట్సులో పనిచేసినవాడిగా నాదొక మనవి.

600 భోజనాలు పెట్టిన నెల ఖర్చు 48,000. 900 పెట్టిన నెల 60,000. ధరలు, అద్దె మారలేదు. 300 భోజనాలకు పెరిగింది 12,000. అంటే విస్తరికి చర వ్యయం 40 రూపాయలే. మిగతా 24,000 అద్దె, వంటమనిషి జీతం. అది స్థిర వ్యయం.

కాబట్టి ప్రతి విస్తరీ 20 రూపాయలు మిగులుస్తోంది. 600 భోజనాల నెలలో నష్టం 12,000. మూసేస్తే, ఒప్పందాల గడువు తీరేదాకా నెలనెలా 24,000! రోజుకు 40 విస్తళ్ళు లేస్తే నష్టమే ఉండదు. ఒంటరిగా ఉంటున్న పెద్దల నోటి ముద్ద అది. తలుపు మూసేముందు మరో పదిమందిని పిలుద్దాం.