హైదరాబాద్‌కు వరసగా ఐదేళ్లు వచ్చిన కప్పు
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో ఆటల గురించి మాట్లాడమంటే విల్లు, బాణంతో మొదలుపెట్టడం అలవాటు. విజయవాడ జ్యోతి సురేఖ సొంతూరు కాబట్టి ఇక్కడ అది సహజం కూడా. ఈసారి మేము ఫుట్‌బాల్ గురించి, అందులోనూ ఒక పాత నాకౌట్ కప్పు గురించి చెప్పాలనుకున్నాం.

దాని పేరు రోవర్స్ కప్పు. 1891లో బొంబాయిలో మొదలైంది. తొలి ఏడు వూస్టర్‌షైర్ రెజిమెంట్ గెలిచింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అది తెల్ల పల్టన్ల సొత్తే. మనవాళ్ల పౌర జట్టు ఒకటి దాన్ని అందుకోవడానికి 1937 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ జట్టు బెంగళూరు ముస్లిమ్స్.

ఇక 1950. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు పట్టుకొచ్చింది. 1951లో మళ్లీ తెచ్చింది. 1952, 1953, 1954లో కూడా అదే జట్టు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఇంకా ఏర్పడలేదు. ఆ 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించింది కూడా వీళ్లే.

వరసగా ఐదుసార్లు అంటే ఎంత కష్టమో ఒక లెక్క వేసి చూద్దాం. లీగ్‌లో ఒక రోజు ఓడిపోయినా మర్నాడు కోలుకోవచ్చు. నాకౌట్‌లో ఓడినవాడు సంచి సర్దుకోవాల్సిందే. ఏడాదికి నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే కప్పు వస్తుందనుకోండి. మన జట్టు బాగా బలమైనది, నాలుగు ఆటలాడితే మూడు గెలిచే జట్టు అనుకోండి. అయినా ఒక ఏడాది కప్పు గెలిచే అవకాశం మూడో వంతు కూడా ఉండదు. అది ఐదేళ్లు వరసగా జరగాలంటే మూడు వందల్లో ఒక వంతు. అదృష్టం అంత దూరం తోడు రాదు. దాని వెనక ఇంకేదో ఉండాలి.

ఆ ఇంకేదో ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు, స్కూల్లో పాఠాలు చెప్పాడు, 1950 నుంచి 1963లో చనిపోయేవరకు పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చాడు. దేశం జట్టుకు కూడా ఆయనే కోచ్. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోవే. జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించేనాటికి ఆయన క్యాన్సర్‌తో ఉన్నాడు. ‘మైదాన్’ సినిమా చూసినవాళ్లకు ఇదంతా తెలుసు. సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లలో ఎంతమంది మర్నాడు బంతి పట్టుకుని బయటికి వెళ్లారో మాకు అనుమానమే.

రెండోది, జట్టు వెనక ఉద్యోగం ఉంది. ఆటగాడికి పోలీసు శాఖ జీతం. రోజూ గ్రౌండు, రోజూ సాధన, నెల తిరిగితే ఇంట్లో బియ్యం. మన పిల్లలు పదో తరగతి దాటగానే ఆట ఎందుకు వదిలేస్తున్నారో మీకు మేము చెప్పక్కర్లేదు. కూలికి పోతే సాయంత్రానికి డబ్బు కనిపిస్తుంది, ఆడితే కనిపించదు. ఆనాటి కానిస్టేబుల్ కుర్రాడికి ఆ రెండూ ఒకే చోట దొరికాయి. స్పోర్ట్స్ కోటా అనే మాటను మనవాళ్లు దరఖాస్తు ఫారంలో ఒక గడిగానే చూస్తున్నారు. అది ఆటను బతికించిన పద్ధతి అని ఈ కథ చెబుతుంది.

ఆ జోరు కొంతకాలం సాగింది. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58లలో గెలిచింది. 1965-66లో ఫైనల్లో బెంగాల్‌ని ఓడించి ఆంధ్రప్రదేశ్ పేరుతో గెలిచాం. అంతే, ఆ ట్రోఫీ మళ్లీ మన రాష్ట్రానికి రాలేదు. రోవర్స్ కప్పు కూడా 2000-01తో ఆగిపోయింది. 1996లో జాతీయ లీగ్ మొదలయ్యాక పెద్ద క్లబ్బులకు ఇలాంటి కప్పుల మీద తీరిక తగ్గింది.

గిరిజనులకు ఈ ఆటలో చోటెక్కడ అని ఎవరైనా అడిగితే రెండు పేర్లు చెప్పండి. స్వతంత్ర భారతానికి తొలి ఒలింపిక్స్, 1948 లండన్. మన ఫుట్‌బాల్ కెప్టెన్ తాలిమెరెన్ ఆవో, నాగా కొండల బిడ్డ, కలకత్తాలో వైద్యం చదివిన మనిషి. ఆ జట్టులో చాలామంది బూట్లు లేకుండా ఆడి ఫ్రాన్స్‌తో 2-1 తేడాతో మాత్రమే ఓడారు. ఇప్పుడు ఆయన పేరు మీద ఈశాన్య రాష్ట్రాల జట్లకు ఒక ట్రోఫీ ఉంది. రెండో పేరు మన భాషది, గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా లంబాడీ అమ్మాయి. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ మహిళల లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉంది, ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు అందుకుంది.

ఇక మన డెల్టా సంగతి. ఇక్కడ నేల బంగారం, అందుకే ఆటకు మిగలదు. వరి కోత అయ్యాక పొలం ఖాళీగా ఉంటుందనుకుంటారు బయటివాళ్లు. కోతకు ముందే మినుములు చల్లేస్తారు, ఇక అడుగుపెట్టే వీలేది? కాలవ గట్ల మీద ఉండే మన యానాది కుటుంబాలకైతే ఇంటి ముందు గజం జాగా ఉండదు. ఎ.కొండూరు, తిరువూరు వైపు తండాల్లో మెట్ట నేల ఉంది కానీ ఆడించేవాళ్లు లేరు.

అందుకని మేము ఒక మాట అనుకున్నాం. మనం కూడా పండక్కి నాకౌట్ టోర్నమెంట్లే పెడుతున్నాం, కప్పు కొంటున్నాం, ఫొటో దిగుతున్నాం. పదహారు జట్లు వస్తే ఎనిమిది జట్లు ఒక్క ఆట ఆడి బస్సెక్కుతాయి. ఏడాదంతా వాళ్లు ఆడింది ఆ ఒక్క ఆటే. పెద్ద జట్లకు నాకౌట్ పరీక్ష, నేర్చుకునే పిల్లలకు అది ఇంటికి పంపే పద్ధతి. ఈసారి నుంచి నాలుగేసి జట్లను గుంపులుగా వేసి, ఒక్కో జట్టుకు కనీసం మూడు ఆటలు దక్కేలా చూద్దాం. సెమీఫైనల్ నుంచి నాకౌట్ పెట్టుకోవచ్చు. కప్పుకు పెట్టే డబ్బులో సగం బంతులకు పెడదాం. స్కూల్లో పనిచేసే మనవాళ్లు వారానికి రెండు సాయంత్రాలు ఇస్తే చాలు, రహీం కూడా పంతులే.

పేర్లు రాసుకునే పుస్తకం బయట బల్ల మీద పెట్టాం. జట్టుకు పదకొండు మంది దొరక్కపోతే ఏడుగురితో కూడా రాయించుకోండి, ఆడిస్తాం. ఆడపిల్లల జట్ల పేర్లు మాత్రం ముందు పేజీలో రాయండి.