ఖాళీపడిన స్థానిక పదవులు - మన కర్తవ్యము



విద్యానిధిని గూర్చియు, వేటవిరామ కాలపు భృతిని గూర్చియు పెద్దలు ప్రసంగించియున్నారు. మేము వేఱొక విషయమును మనవిచేయ దలచితిమి. గ్రామ సర్పంచి గాని, మండల, జిల్లా పరిషత్తుల సభ్యుడు గాని మరణించినను, రాజీనామా యిచ్చినను, ఆ స్థానమును ఎవరు, ఎప్పుడు, ఎట్లు నింపవలెను? కావలి మొదలు కృష్ణపట్నము దాటువఱకు గల మన పల్లెలలో త్రాగునీరు, వీధిదీపములు, ఒడ్డునకు పోవు బాట మున్నగున వన్నియు ఈ ప్రశ్నతో ముడివడియున్నవి.

పూర్వము 1884 నాటి చట్టముచే ఏర్పడిన జిల్లా బోర్డులకు మొదట కలెక్టరుగారే అధ్యక్షులు. 1920 నాటి చట్టముతో ఎన్నికల పద్ధతి విస్తరించెను. 1959లో జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చెను. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతులకు అయిదేండ్ల కాలపరిమితిని విధించి, అది తీరకమునుపే మరల ఎన్నిక ముగియవలెనని శాసించినది.

శాసనమట్లుండగా జరిగినదేమి? 2018 ఆగష్టులో గ్రామపంచాయతుల గడువు తీరినది. మరల ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గాని జరుగలేదు. 2019లో గడువు తీరిన మండల, జిల్లా పరిషత్తులకు 2021 ఏప్రిల్ 8న పోలింగు జరిగి, సెప్టెంబరు 19న ఓట్లు లెక్కింపబడెను. ఈ నడుమ పాలన ప్రత్యేకాధికారుల చేతిలో నుండెను. అధికారి యెంత సమర్థుడైనను, మన ఓటునకు జవాబుదారి కాడు గదా!

గడువు నడుమ వచ్చు ఖాళీల సంగతియు నిట్టిదే. పొరుగున నున్న కడప జిల్లా పరిషత్తు అధ్యక్షులు 2024 జూన్‌లో శాసనసభకు ఎన్నికైన పిమ్మట, ఆ పీఠమునకు 2025 మార్చి 27న ఎన్నిక జరిగినది. అదే జిల్లాలో పులివెందుల ప్రాదేశిక సభ్యుని మరణముచే 2022లో ఖాళీయైన స్థానమునకు 2025 ఆగష్టు 12న గాని పోలింగు జరుగలేదు. అంతకాలము ఆ మండలము పక్షమున జిల్లా పరిషత్తులో పలుకువా రెవ్వరు?

సర్పంచి పీఠము ఖాళీయైనచో ఉపసర్పంచి తాత్కాలికముగా అధికారము వహించును. కాని సర్పంచిని ఊరివారందఱు ఎన్నుకొందురు. ఉపసర్పంచిని వార్డు సభ్యులు మాత్రమే తమలోనుండి ఎన్నుకొందురు. స్త్రీలకు ప్రత్యేకింపబడిన పీఠము ఖాళీయైనప్పుడు తాత్కాలికముగా దానిని వహించువాడు పురుషుడై యుండవచ్చును. కావున తాత్కాలికము దీర్ఘమైనకొలది ఓటరుల హక్కు క్షీణించును.

ఇక మనలో మనము చెప్పుకొనవలసిన మాట యొకటి కలదు. ఊరిలో పీఠము ఖాళీకాగానే కులపెద్దలు కూడి, ఏకగ్రీవమను పేర ఒకరిని నిర్ణయించుటయు, ఒక్కొక్కచోట పదవిని వేలమువేసి సొమ్మును గుడికి చేర్చుటయు రాష్ట్రమున వినుచున్నాము. వలల తగవు తీర్చుటకు పెద్దల మాట శిరోధార్యమే. కాని ఓటు కులకట్టుబాటునకు లోబడునది కాదు. దైవకార్యమునకే యైనను ఓటును అమ్ముట తగదు. పోటీ లేకుండుట మంచిదే కావచ్చును, పోటీచేయగోరువారిని భయపెట్టి ఆపుట మాత్రము మంచిది కాదు. వేలములో పేదయింటి కోడలికి, చదువుకొన్న పడుచువానికి చోటెక్కడ?

కావున ఈ మహాసభ యెదుట మూడు సూచనలుంచుచున్నాము. మొదటిది: ప్రతి పల్లెలో నొకరు ఖాళీలను, అవి యేర్పడిన తేదీలతో వ్రాసియుంచి, జాగుచేయక ఎన్నికల అధికారులకు అర్జీ పంపించుట. రెండవది: స్త్రీలకు సగము స్థానము లేర్పడియున్నవి గనుక, మన ఆడుబిడ్డలకు పంచాయతి లెక్కలు, గ్రామసభ పద్ధతులు ముందుగనే నేర్పించుట. మూడవది: ఏ పదవినైనను వేలమువేయు పల్లెకు సంఘము పక్షమున సభాముఖముగా అభ్యంతరము తెలుపుట.

ఈ మూడవ సూచన కొందఱు పెద్దలకు కష్టముగా నుండవచ్చునని యెఱుగుదుము. అయినను, చుక్కాని విడిచిన పడవను గాలికి వదలుటయు, సొమ్మున్న వానికి అప్పగించుటయు తగవు కావు. పడవలో నున్నవా రందఱు కలిసి చుక్కాని పట్టువానిని ఎన్నుకొనుటయే తగవు. సభ్యులు ఈ విషయమును తీర్మానరూపమున చర్చింతురుగాక యని వేడుచు విరమించుచున్నాము.